విప్పుల్ ఫ్యాక్టరీ ఎపిసోడ్‌లో పగ తీర్చుకున్నది ఎవరు?

మీరు అడిగినవి రెండు. ఫ్యాక్టరీలో మనుషులందర్నీ తీసేసి మెషీన్లు పెట్టిన ఓనర్ సీట్లోకి చివరికి రోబో వచ్చే పాత బ్లాక్ అండ్ వైట్ ఎపిసోడ్ ఏది అన్నది మొదటిది. దాన్ని అందరూ పగ కథ అంటారు కానీ, పగ తీర్చుకోవాలని వచ్చిన ఫోర్‌మన్ తుపాకీ దెబ్బ తిని పడిపోయాడు కదా, ఇక పగ తీరిందెక్కడ, లేఆఫ్ అయిన టీమ్ లీడ్ మీద మీరు రాసుకుంటున్న షార్ట్ ఫిల్మ్‌కి అందులోంచి ఏం పట్టుకోవచ్చు అన్నది రెండోది. నేను చాలా ఏళ్లుగా స్క్రీన్‌ప్లేలు రాస్తున్నాను, కొత్తవాళ్లతో రాయిస్తున్నాను. ఆఫీసు పగ మీద ఎవరైనా కథ తెస్తే ముందు చూడమని చెప్పేది ఈ ఎపిసోడే. అందుకని కాస్త వివరంగానే చెప్తాను. కథ మొత్తం బయటపెట్టేస్తున్నాను, చూడనివాళ్లు ముందు అది చూసి రండి. అరగంట కూడా పట్టదు.

దాని పేరు ‘ది బ్రెయిన్ సెంటర్ ఎట్ విప్పుల్స్’. వింత కథలతో నడిచిన అమెరికన్ టీవీ సిరీస్ ట్వైలైట్ జోన్ ఐదో సీజన్లోది, 1964 మే 15న సీబీఎస్ చానల్లో వచ్చింది. ఆ జూన్‌తో సిరీస్ ఆగిపోయింది కాబట్టి ఆఖరి ఎపిసోడ్లలో ఒకటి. రాసింది ఆ సిరీస్‌ను పుట్టించిన రాడ్ సెర్లింగ్. మొత్తం 156 ఎపిసోడ్లలో 92 ఆయన రాసినవే. డైరెక్టర్ రిచర్డ్ డానర్, తర్వాతి రోజుల్లో ‘ది ఓమెన్’, 1978 నాటి ‘సూపర్‌మేన్’ తీసినాయన.

కథ 1967లో, అంటే ప్రేక్షకులకు మూడేళ్ల తర్వాత, అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక పెద్ద తయారీ కంపెనీలో జరుగుతుంది. ఓనర్ వాలెస్ విప్పుల్ తెర మీద ఒక ఫిల్మ్ వేయించి తన వాటాదారులకు కొత్త మెషీన్‌ను పరిచయం చేస్తుంటాడు. ఎక్స్109బి14 అని దాని పేరు. అది వస్తే 61,000 ఉద్యోగాలు పోతాయని, దాంతోపాటు ఉద్యోగుల ఆసుపత్రి ఖర్చు, ఇన్సూరెన్స్, సంక్షేమం, లాభాల్లో వాటా కింద ఏటా పెట్టే నలభై లక్షల డాలర్లు మిగులుతాయని గర్వంగా చదువుతాడు. పక్కనే ప్లాంట్ మేనేజర్ హాన్లీ ఉంటాడు. వెళ్లిపోయేవాళ్ల సంగతేంటి అని అడుగుతాడు. విప్పుల్‌కి ఆ ప్రశ్నే అర్థం కాదు.

ఆ తర్వాత ఫోర్‌మన్ డికర్‌సన్ వస్తాడు, వాదిస్తాడు, ఉద్యోగం పోగొట్టుకుంటాడు. బార్లో పీకల దాకా తాగి, రాత్రిపూట ప్లాంటులోకి వచ్చి ఆ మెషీన్‌ను చితక్కొట్టబోతాడు. విప్పుల్ గార్డు దగ్గరున్న తుపాకీ లాక్కుని అతన్ని కాలుస్తాడు. తర్వాత హాన్లీ వంతు. ఆ తర్వాత ఆఖరుకి మిగిలిన టెక్నీషియన్ కూడా వెళ్లిపోతాడు. ఖాళీ ప్లాంటులో విప్పుల్ ఒక్కడే మెషీన్ల మధ్య బెదిరిపోతాడు. తర్వాతి సీన్లో అదే బార్, అదే హాన్లీ, పక్కన విప్పుల్. కంపెనీ బోర్డు అతనికి మెషీన్ల పిచ్చి పట్టిందని తేల్చి పంపించేసింది. చివర్లో విప్పుల్ ఆఫీసులో రోబో.

ఇక మీ అసలు ప్రశ్న. పగ తీర్చుకున్నది ఎవరు? నా లెక్కలో, మనిషెవరూ తీర్చుకోలేదు. తీర్చుకోవడానికి సెర్లింగ్ ఎవరికీ అవకాశం ఇవ్వలేదు. ఈ ఎపిసోడ్‌కున్న బలమంతా అక్కడే ఉంది. డికర్‌సన్ ఓటమిని లోపంలా చూడకండి. అతను ఓడిపోతేనే కథ నిలబడుతుంది.

ఎందుకో చెప్తాను. అప్పటి అమెరికన్ టీవీలో పగ కథలకు కొదవ లేదు. సస్పెన్స్ సినిమాల డైరెక్టర్ ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ సొంత సిరీస్ 1955 అక్టోబర్ 2న మొదలైన రోజు వేసిన తొలి ఎపిసోడ్ పేరే ‘రివెంజ్’. భార్య మీద దాడి జరుగుతుంది, ఆమె కారులోంచి ఒకణ్ని చూపించి వీడే అంటుంది, భర్త వెళ్లి వాణ్ని చంపేస్తాడు. కాసేపటికి ఆమె రోడ్డు మీద ఇంకొకణ్ని చూపించి వీడే అంటుంది. గుండె జారిపోతుంది. అక్కడ కథ నడిపేది ఒక చెయ్యి, ఒక ఆయుధం, ఒక పొరపాటు. అదే సిరీస్‌లో 1958లో వచ్చిన ‘లాంబ్ టు ది స్లాటర్’లో భార్య గడ్డకట్టిన మాంసపు ముక్కతో పోలీసాఫీసరైన భర్తను కొట్టి చంపి, అదే మాంసం వండి పోలీసులకు వడ్డిస్తుంది. కథలో తప్పించుకుంటుంది. కానీ చివర్లో హిచ్‌కాక్ తెర ముందుకు వచ్చి, రెండో భర్తతోనూ అదే పని చేయబోయి దొరికిపోయిందని చెప్పి వెళ్తాడు. అప్పటి టీవీలో నేరం చేసినవాడు శిక్ష పడకుండా మిగలకూడదు. కథలో పడకపోతే హిచ్‌కాక్ నోటి మాటగానైనా పడాల్సిందే.

ఇప్పుడు విప్పుల్ దగ్గరికి రండి. అతను చేసిన అసలు నేరం ఏమిటి? వేలమంది పొట్ట కొట్టాడు. కానీ చట్టం దృష్టిలో అది నేరమే కాదు. పోలీసు రాడు, కోర్టు పిలవదు. పైగా వాటాదారులు చప్పట్లు కొడతారు. ఆఫీసు పగ కథలకు ఉన్న కష్టమంతా ఇదే. హత్యకు హత్య, మోసానికి మోసం అని లెక్క సరిచేయొచ్చు. పూర్తిగా చట్టబద్ధంగా, లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి చేసిన అన్యాయానికి కడుపు మండినవాడు ఏం చేసినా తప్పు తనవైపే తిరుగుతుంది. డికర్‌సన్ మెషీన్ మీద దెబ్బ వేసిన క్షణం నుంచీ అతను ఆస్తి పాడుచేసిన దుండగుడు. విప్పుల్ తన ఆస్తిని కాపాడుకుంటున్న యజమాని. అంతదాకా డికర్‌సన్ వైపున్న న్యాయం ఒక్క దెబ్బతో చేజారిపోతుంది. కాల్పుల సీను ఉన్నది ఆ సంగతి కళ్లకు కట్టడానికే.

మరి విప్పుల్‌కి శిక్ష ఎక్కణ్నుంచి రావాలి? అతను ఏ తలుపులోంచి మనుషుల్ని బయటికి తోశాడో ఆ తలుపులోంచే రావాలి. అంతే చట్టబద్ధంగా, అంతే మర్యాదగా రావాలి. బోర్డు అతని మీద కక్ష కట్టలేదు. డికర్‌సన్ పేరు కూడా వాళ్లకు తెలిసి ఉండదు. విప్పుల్ నేర్పిన లెక్కనే వాళ్లు ఇంకొక్క వరస కిందికి దించారు. ఎవరు పనికొస్తారు, ఎవరి ఖర్చు తగ్గించొచ్చు అని. ఆ లెక్కలో ఫోర్‌మన్ పోతాడు, మేనేజర్ పోతాడు, మిగిలింది ఓనరే. అతను కూర్చున్న సీటు కూడా ఒక ఉద్యోగమే కదా. మన భాషలో చేసుకున్నవాడికి చేసుకున్నంత. సెర్లింగ్ కూడా చివరి మాటల్లో ఇలాంటి సామెతలే రెండు మూడు వరసగా చెప్పి, అవి చాలవని, మనిషి తెలివి మీరాడు కానీ వివేకం పెంచుకోలేదని అంటాడు.

ఇందులో సస్పెన్స్ ఎక్కడుందని కూడా అడిగారు. హంతకుడెవరు అన్న రకం సస్పెన్స్ ఇందులో లేదు. తర్వాత ఎవరి వంతు అన్నది ఉంది. డికర్‌సన్, హాన్లీ, టెక్నీషియన్ అని ఒక్కొక్కరూ వెళ్తుంటే ఆ వరస ఎక్కడికి పోతోందో మనకు అర్థమవుతుంటుంది, విప్పుల్‌కి అర్థం కాదు. మనకు తెలిసి, పాత్రకు తెలియకపోవడంలోనే టెన్షన్ పుడుతుంది. లేఆఫ్‌ల కాలంలో ఏ ఆఫీసులో కూర్చున్నవాళ్లకైనా ఈ టెన్షన్ ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఈరోజు ఎవరికి మీటింగ్ ఇన్వైట్ వచ్చిందో, ఎవరి ల్యాప్‌టాప్ లాక్ అయిందో పక్క సీట్ల వైపు చూసుకునే ఉదయాలు మనవాళ్లలో చాలామందికి తెలుసు.

ఇప్పుడు దగ్గరగా చూడాల్సినవి రెండు. మొదటిది తాళంచెవి. విప్పుల్‌కి ఒక అలవాటుంది. గొలుసుకున్న తాళంచెవిని వేలితో గిర్రున తిప్పుతుంటాడు. ఎవరో ఎదురుగా నిలబడి తన బతుకు గురించి మాట్లాడుతుంటే ఇతను తిప్పుతూనే ఉంటాడు. ఎవరూ దాని గురించి మాట్లాడరు, కెమెరా కూడా దాన్ని ప్రత్యేకంగా నెత్తికెత్తుకోదు. మొదటిసారి చూసినప్పుడు అది నటుడు రిచర్డ్ డీకన్ చేతి అలవాటేమో అనుకుంటాం. ఆఖరి సీన్లో రోబో ఆ ఆఫీసులో అటూ ఇటూ తిరుగుతూ అదే తాళంచెవిని అదే తీరున తిప్పుతుంది. డైలాగ్ అవసరం లేదు. రోబో విప్పుల్ సీటు తీసుకోవడం మనం ఊహించగలిగిందే. అతని అలవాటును కూడా తీసుకోవడం ఊహించలేం. విప్పుల్ ప్రత్యేకత అంటూ ఏదైనా ఉంటే ఆ ఒక్క పనికిమాలిన అలవాటే, అదీ మిగల్లేదు. మెషీన్‌కి తాళంచెవి తిప్పాల్సిన పనేముంది, చెప్పండి? ఏ పనీ లేదు. అయినా తిప్పుతుంది. చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరించేది అక్కడే.

ఆ రోబోను మీరు ఎక్కడో చూసినట్టుందన్నారు. చూసే ఉంటారు. దాని పేరు రాబీ, 1956లో ఎంజీఎం తీసిన ‘ఫర్‌బిడెన్ ప్లానెట్’ కోసం తయారుచేసింది. ట్వైలైట్ జోన్ షూటింగ్ ఎంజీఎం స్టూడియోలోనే జరిగేది, అందుకని అందుబాటులో ఉన్న రోబోను వాడుకున్నారు. అంతకుముందు ‘అంకుల్ సైమన్’ అనే ఎపిసోడ్‌లోనూ అది కనిపిస్తుంది. డీకన్ గురించి కూడా ఒక మాట. అప్పటి అమెరికన్ ప్రేక్షకులకు ఆయన ‘డిక్ వాన్ డైక్ షో’ అనే కామెడీ సిరీస్‌లో మెల్ కూలీ అనే పేరున్న పాత్రతో బాగా తెలుసు. బాస్ చేత తిట్లు తింటూ, కింది రచయితల చేత బట్టతల మీద జోకులు వేయించుకునే ప్రొడ్యూసర్ పాత్ర అది. రోజూ అణిగిమణిగి ఉండేవాడిగా చూసిన మనిషిని ఇక్కడ అందరి పీక మీద కూర్చునే ఓనర్‌గా చూడటం వాళ్లకు గట్టి దెబ్బే అయి ఉంటుంది.

రెండోది బార్ సీను. మీ షార్ట్ ఫిల్మ్‌కి ఎక్కువ పనికొచ్చేది ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి. విప్పుల్ వచ్చి హాన్లీ పక్కన కూలబడతాడు. ఇది అన్యాయం అంటాడు. మనిషికి ఒక విలువుంటుంది, చిటికేసి ఇంకొకర్ని తెచ్చి పెడతారా అంటాడు. అంటే తన ముందు నిలబడి డికర్‌సన్, హాన్లీ అన్న మాటలే ఇప్పుడు అతని నోట్లోంచి వస్తున్నాయి. ఇక్కడ తొందరపడే రచయితైతే ఏం చేస్తాడు? హాన్లీ చేత గట్టి డైలాగ్ చెప్పిస్తాడు. ఆ రోజు నేను చెప్పలేదా, ఇప్పుడు తెలిసిందా అని. ప్రేక్షకులు చప్పట్లు కొడతారు, కథ అక్కడే చచ్చిపోతుంది. సెర్లింగ్ హాన్లీకి ఆ విజయోత్సవం ఇవ్వడు. ఎదురుగా ఉన్నవాడు తన ఉద్యోగం ఊడగొట్టినవాడే, అయినా ఇప్పుడు అదే పరిస్థితిలో ఉన్న ఇంకో మనిషి. పగ తీరిందన్న తృప్తి ఆ బార్లో ఎవరికీ దక్కదు. హాన్లీకి ఉద్యోగం తిరిగి రాదు, డికర్‌సన్‌కి తగిలిన గుండు వెనక్కి పోదు. ఓనర్ మారాడంతే, ఫ్యాక్టరీ అలాగే నడుస్తోంది.

ఆఫీసు పగలో ఉన్న అసలు బాధ ఇదేనని నా గట్టి నమ్మకం. మనల్ని తీసేసినవాడి మీద మనకు ఎంత కోపం ఉన్నా, ఆ కోపం ఆ మనిషికి సరిగ్గా తగలదు. ఎందుకంటే దెబ్బ కొట్టింది అతను కూర్చున్న సీటు. అతను పోతే ఆ సీట్లోకి ఇంకొకడు వస్తాడు, అదే తాళంచెవి తిప్పుతాడు.

సెర్లింగ్‌కి ఈ విషయం కొత్త కాదు. ఆయనకు పేరు తెచ్చిన తొలి పెద్ద నాటకమే ఆఫీసు కథ. ‘ప్యాటర్న్స్’ అని, 1955 జనవరి 12న క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్ అనే టీవీ కార్యక్రమంలో లైవ్‌గా వచ్చింది. ఎంత పేరొచ్చిందంటే, నాలుగు వారాలకే నటులందర్నీ మళ్లీ పిలిపించి ఫిబ్రవరి 9న మరోసారి లైవ్‌గా ఆడించారు. టీవీ వాళ్లకిచ్చే ఎమ్మీ అవార్డు సెర్లింగ్‌కి మొదటిసారి వచ్చింది దానికే. అందులో ర్యామ్సీ అనే బాస్, వయసు మీరిన వైస్ ప్రెసిడెంట్ ఆండీ స్లోన్‌ను నేరుగా తీసేయడు. మీటింగుల్లో పదిమంది ముందు అవమానిస్తూ తనంతట తానే వెళ్లిపోయేలా చేయాలనుకుంటాడు. ఆ వేధింపులకు స్లోన్ గుండె ఆగి చనిపోతాడు. అతని స్థానంలోకి తెచ్చిన కుర్రవాడు స్టేపుల్స్ కోపంతో బాస్ గదిలోకి దూసుకెళ్తాడు. రాజీనామా చేస్తాడనుకుంటాం, చేయడు. ఉండి పోరాడతానని, ఏదో ఒక రోజు మీ సీటు లాక్కుంటానని తేల్చి చెప్పి ఉండిపోతాడు. అతను గెలిచాడా, లేక ఆ సీటు అతన్ని ఇప్పుడే మింగేసిందా? నాటకం చెప్పదు. మీకు టైముంటే ముందు ‘ప్యాటర్న్స్’ చూసి తర్వాత విప్పుల్ చూడండి. తొమ్మిదేళ్ల తేడాతో ఒకే మనిషి ఒకే ప్రశ్న చుట్టూ ఎలా తిరిగాడో కనిపిస్తుంది. మొదటిదాంట్లో సీటు కోసం మనుషులు కొట్టుకుంటారు. రెండోదాంట్లో సీటుకే మనిషి అక్కర్లేకుండా పోతాడు.

ఆయన పెరిగిన ఊరు చూస్తే ఇదంతా గాల్లోంచి రాలేదనిపిస్తుంది. సెర్లింగ్ పెరిగింది న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో. ఉద్యోగి ఎప్పుడొచ్చాడో ఎప్పుడెళ్లాడో అచ్చు వేసే టైమ్ క్లాకులు తయారుచేసే బండీ కంపెనీ 1889లో ఆ ఊళ్లోనే మొదలైంది. పక్కనే ఉన్న ఎండికాట్‌లో ఐబీఎం ఫ్యాక్టరీ. అదే చోట ఎండికాట్ జాన్సన్ అనే పెద్ద చెప్పుల కంపెనీ కూడా ఉండేది. దాని అధిపతి జార్జ్ ఎఫ్. జాన్సన్ కార్మికులకు వైద్యం, ఇళ్లు, పార్కులు, లాభాల్లో వాటా ఇచ్చి పేరు పొందినవాడు. ఆ చుట్టుపక్కల పార్కుల్లో పిల్లలు ఉచితంగా తిరిగే రంగులరాట్నాలు ఆయన పెట్టించినవే. ఇప్పుడు ఎపిసోడ్ మొదట్లో విప్పుల్ చదివిన జాబితా గుర్తు తెచ్చుకోండి. ఆసుపత్రి ఖర్చు, ఇన్సూరెన్స్, సంక్షేమం, లాభాల్లో వాటా. ఆ ఊళ్లు గొప్పగా చెప్పుకున్న వాటినే విప్పుల్ వృథా ఖర్చు కింద కొట్టేస్తున్నాడు.

కాలం కూడా అలాంటిదే. 1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ప్లాంటులో యూనిమేట్ అనే తొలి పారిశ్రామిక రోబో పనిలోకి దిగింది. 1962 ఫిబ్రవరిలో అధ్యక్షుడు కెనడీ విలేకరుల సమావేశంలో, మెషీన్లు మనుషుల స్థానం తీసుకుంటున్న కాలంలో అందరికీ పని ఉండేలా చూడటమే ఈ దశాబ్దంలో దేశం ముందున్న పెద్ద సవాలన్నాడు. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్లను ప్రకటించింది. నెలా పదిరోజులు కూడా తిరక్కుండానే ఈ ఎపిసోడ్ ప్రసారమైంది. మన దేశంలోనూ ఆ దశాబ్దంలోనే కలకత్తాలో ఎల్ఐసీ ఉద్యోగులు ఆఫీసులో కంప్యూటర్ పెట్టనివ్వబోమని అడ్డంగా నిలబడ్డారు. ఇది ఒక రచయిత ఊహించుకున్న భయం కాదు, ఆ రోజుల్లో జీతం మీద బతికే ఇళ్లలో నిజంగా ఉన్న భయం.

ఇంత నిజమైన విషయానికి రోబో వేషం ఎందుకు అనే సందేహం రావొచ్చు. సెర్లింగ్ నేరుగా రాసి దెబ్బతిన్నవాడు. ఎమెట్ టిల్ అనే నల్లజాతి పిల్లవాడి హత్య ఆధారంగా ఆయన రాసిన టీవీ నాటకం ‘నూన్ ఆన్ డూమ్స్‌డే’ 1956లో ఒక పెద్ద ఉక్కు కంపెనీ స్పాన్సర్ చేసే కార్యక్రమంలో వచ్చింది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల వాళ్లకు కోపం వస్తుందని కథను ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లాండ్‌కి మార్చేశారు. సెట్‌లో కోకాకోలా సీసాలు కనిపిస్తే దక్షిణాది గుర్తొస్తుందని వాటిని కూడా తీయించారు. కంపెనీల డబ్బుతో నడిచే టీవీలో మనుషులు చెప్తే కుదరని మాటలు గ్రహాంతరవాసులు, రోబోలు చెప్తే చెల్లిపోతాయని ఆయన గ్రహించాడు. ఆఫీసు కథ రాసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మీ కథను ఏ కంపెనీ డబ్బుతో తీస్తున్నారో, ఆ కంపెనీలోనూ ఒక విప్పుల్ ఉండొచ్చు.

లోపాలు లేవని అనను. డైలాగుల్లో ఉపన్యాసం ఎక్కువైంది. డికర్‌సన్ మెషీన్ ముందు నిలబడి మనిషి గొప్పతనం గురించి మాట్లాడే చోట, మాట్లాడేది ఫోర్‌మన్ కాదు, సెర్లింగ్ అని తెలిసిపోతుంది. ఫ్యాక్టరీ ఫ్లోర్ మీద బతుకంతా గడిపినవాడు అంత తీర్చిదిద్దిన వాక్యాల్లో మాట్లాడడు. కాల్పుల తర్వాత చట్టం ఏం చేసిందన్నది కథ అసలు పట్టించుకోదు. ఒక మనిషిని కాల్చినవాడు మర్నాటి నుంచి మామూలుగా ఆఫీసు నడుపుకోవడం నమ్మడానికి కష్టం. ఖాళీ ప్లాంటులో మెషీన్ల గోల కూడా నాకు అనవసరం అనిపిస్తుంది. ఆఖరి తాళంచెవి ఒక్కటే ఆ పని చేస్తుంది. ఇంకా బోర్డు నిర్ణయం మనకు చూపించరు, బార్లో విప్పుల్ నోటి ద్వారా వింటాం. చాలామంది దీన్ని బలహీనత అంటారు. నాకు మాత్రం సరైన పనే అనిపిస్తుంది. ఉద్యోగం పోయిన వార్త ఎప్పుడూ మనం లేని గదిలోనే తయారవుతుంది కదా.

ఇక మీ కథ. మీ టీమ్ లీడ్ ఆఖరి రోజు రాత్రి సర్వర్లో డేటా మొత్తం చెరిపేసి వెళ్లిపోతాడని, అది క్లైమాక్స్ అని రాశారు. అది డికర్‌సన్ చేసిన పనే. ఆ పని చేసిన నిమిషానికి మీ హీరో నేరస్తుడు, మీ మేనేజర్ బాధితుడు. ప్రేక్షకుడు హీరో వైపు ఉన్నా లోపల ఎక్కడో బెరుకు మొదలవుతుంది. ఆ సీను వద్దనను, ఉంచండి, కానీ క్లైమాక్స్ నుంచి తీసి సగం దాటాక పెట్టండి. అది విఫలమవ్వాలి. బ్యాకప్ ఉంటుంది, తెల్లారేసరికి అన్నీ తిరిగొస్తాయి, టీమ్ లీడ్ మీద కేసు మాత్రం మిగులుతుంది. ఆ తర్వాత కూడా మీ దగ్గర చెప్పడానికి కథ మిగిలిందంటే, అదే మీ అసలు కథ.

మీ మేనేజర్ పాత్రను ఇప్పుడున్నట్టు పచ్చి విలన్‌గా ఉంచకండి. విప్పుల్ రాక్షసుడు కాడు. తాను చేసేది సరైన పనని, కంపెనీకి మంచిదని మనసారా నమ్మాడు. మీ మేనేజర్ కూడా ఎక్సెల్ షీట్‌లో పేర్లు ఎంచేటప్పుడు రాత్రి నిద్ర పోనివాడే కావొచ్చు. ఆ షీట్‌ను ఎవరు అడిగారు, పైవాళ్ల దగ్గర ఇంకో షీట్ ఉందా, అందులో ఇతని పేరు ఏ వరసలో ఉంది? ఇవి మీకు తెలిసి ఉండాలి, తెర మీద చెప్పక్కర్లేదు. చేతిలో ఒక వస్తువు పెట్టదలిస్తే ఐడీ కార్డు లాంటి అందరూ వాడేది వద్దు. అతనికి మాత్రమే ఉన్న ఒక చిన్న అలవాటు వెతకండి. మొదటి రెండు నిమిషాల్లో అది మాటల చాటున, దేనికీ సంబంధం లేనట్టు కనిపించాలి. కెమెరా దాని మీద ఆగిందంటే ప్రేక్షకుడు పట్టేస్తాడు, ఆఖర్న పని చేయదు.

మీరు రాసిన హెచ్ఆర్ మేడం పాత్ర నాకు నచ్చింది. టీమ్ లీడ్‌కి లెటర్ ఇచ్చేది ఆవిడే, అతనితో పదేళ్లు పనిచేసిందీ ఆవిడే. మీ హాన్లీ ఆవిడే అని నా అభిప్రాయం. మేనేజర్ ఉద్యోగం కూడా పోయాక, కంపెనీ బయట టీ కొట్టు దగ్గర ఆ ముగ్గురూ ఎదురుపడే సీను ఒకటి ముందు రాయండి. ఎవరూ ఎవరినీ దెప్పకూడదు, ఎవరూ ఎవరినీ క్షమించకూడదు. టీ డబ్బులు ఎవరిస్తారన్న దగ్గర నుంచి మొదలుపెట్టండి, పేజీన్నర దాటనివ్వకండి. రాశాక ఇక్కడే పెట్టండి, తప్పకుండా చదివి చెప్తాను.